జాతి గీతను గీసింది ప్రకృతి కాదు

ఒక వాదన చాలాకాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “మనుషులు పుట్టుకతోనే నాలుగైదు జాతులు. ఈ సంగతి ఆదినుంచీ లోకమంతా ఎరిగిందే. రంగు తేడా కళ్లెదుట ఉంది కాబట్టే ఒకరు యజమాని, ఇంకొకరు బానిస అయ్యారు. శాస్త్రవేత్తలు పుర్రెలు కొలిచి దీన్ని రుజువు చేశారు, ఇప్పుడు డీఎన్‌ఏ మళ్లీ రుజువు చేసింది. యూరప్ వాళ్లు ప్రపంచాన్ని ఏలింది ఓడలతో, తుపాకులతో, వ్యాపారంతో. జాతి సిద్ధాంతానికి అందులో పాత్ర లేదు. ఆఫ్రికన్లను అమ్మింది ఆఫ్రికన్లే. రువాండాలో నరుక్కున్నది పాత తెగల పగతోనే. ఏదేమైనా అదంతా ముగిసిపోయిన కథ.”

ఇందులో అబద్ధాలున్నాయి, సగం నిజాలూ ఉన్నాయి. నమ్మించేవి ఆ సగం నిజాలే. అందుకని ఒక్కో మాటనూ విడిగా చూడాలి.

అంతకంటే ముందు, మనం వాడే మాట సంగతి. తెలుగులో ‘జాతి’ చాలా బరువు మోస్తుంది. తెలుగు జాతి అంటాం, జాతిపిత అంటాం, పక్షి జాతులు అంటాం, మేలుజాతి ఆవు అంటాం. ఒకచోట భాష, ఒకచోట దేశం, ఒకచోట జీవశాస్త్రం, ఒకచోట పశువుల పెంపకం. పై వాదన ఈ అర్థాల మధ్య అటూ ఇటూ జారుతూ నడుస్తుంది: పక్షుల్లో జాతులున్నాయిగా, మనుషుల్లో ఉంటే తప్పేంటి అన్నట్టు. కాబట్టి ఇక్కడ ‘రేస్’ అని రాసిన ప్రతిచోటా ఉద్దేశం ఒకటే. భూమ్మీది మనుషులందరినీ ఒంటి లక్షణాలను బట్టి కొన్ని గుంపులు చేయడం, వాటిని ఎక్కువ తక్కువల వరుసలో నిలబెట్టడం, ఆ స్థానం రక్తంలోనే ఉంది కాబట్టి మతం మారినా, చదువుకున్నా, డబ్బు సంపాదించినా పోదనడం. ఈ మూడూ కలిస్తేనే రేస్. అలా కలిసిన కాలం మనకు తెలుసు.

“ఆదినుంచీ ఉన్నదే”

పొరుగువాణ్ని చిన్నచూపు చూడటం ఆదినుంచీ ఉన్నదే. గ్రీకులు తమ భాష రానివాళ్లందరినీ అనాగరికుల కింద జమకట్టారు. ఒంటి రంగులో తేడాలనూ గమనించారు, అయితే దానికి ఎండ, గాలి, నీళ్లు కారణమన్నారు. రోమ్‌లో బానిసత్వం అతి క్రూరంగా ఉండేది, కానీ ఆ బానిసకు ఫలానా రంగు అంటూ లేదు. యుద్ధంలో చిక్కినవాడు గాల్ అయినా, సిరియన్ అయినా, థ్రేస్ వాడైనా సంతకే వెళ్లాడు. ఇంగ్లీషులో ‘స్లేవ్’ అన్న మాటే తూర్పు యూరప్‌లోని స్లావ్ ప్రజల పేరు నుంచి పుట్టింది. మధ్యయుగాల సంతల్లో వాళ్లు అంతమంది అమ్ముడుపోయారు.

ఆ కాలంలో మనిషి హోదాను మతం మార్చగలిగేది. ‘రక్తం’ అనే అడ్డు ఎక్కడ మొదలైందో చూడాలంటే స్పెయిన్‌లోని టొలీడో నగరానికి వెళ్లాలి. యూదు మతం వదిలి క్రైస్తవం పుచ్చుకున్నవాళ్లు, వాళ్ల సంతానం నగర పదవులకు పనికిరారని 1449లో అక్కడ శాసనం చేశారు. బాప్తిస్మం నీళ్లు కడగలేని మరక ఒకటి ఉందని రాతపూర్వకంగా చెప్పడం అది. అదే తరంలో, 1444 ఆగస్టులో, పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో 235 మంది ఆఫ్రికన్ బందీలను దించి వాటాలు వేసి పంచుకున్నారు. ఈ రెండు పాయలు కలిసి పెద్ద ప్రవాహం కావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

మనుషులందరినీ ‘రేస్’ మాటతో విభజించిన తొలి వ్యాసాల్లో ఒకటి 1684లో పారిస్ పత్రికలో, రచయిత పేరు లేకుండా వచ్చింది. రాసింది ఫ్రాన్స్వా బెర్నియర్, మొగలు కొలువులో వైద్యుడిగా ఉండి వెళ్లినవాడు. ఆయన చేసిన మొదటి గుంపులో యూరప్ వాళ్లతోపాటు ఎవరున్నారో చూడండి: ఉత్తర ఆఫ్రికా వాళ్లు, మొగలు రాజ్యం వాళ్లు, బీజాపూర్ వాళ్లు, గోల్కొండ వాళ్లు. భారతీయుల రంగు ఎండ వల్ల వచ్చిందే తప్ప అసలు తేడా కాదన్నాడు. అప్పటికి ఫ్రెంచివాళ్లు గోల్కొండను ఏలడం లేదు, వజ్రాలు కొనుక్కుంటున్నారు. రెండు వందల ఏళ్ల తర్వాత అదే జనాన్ని ఆ గుంపు అంచుకు నెట్టినప్పుడు జనం ఒంట్లో మారిందేమీ లేదు. మారింది వాళ్ల మీద పెత్తనం ఎవరిదన్నదే.

“రంగు తేడా వల్లే బానిసత్వం వచ్చింది”

క్రమం ఇక్కడ తలకిందులైంది. దీన్ని తేల్చుకోవడానికి ఉత్తర అమెరికాలోని వర్జీనియా కాలనీ కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే అక్కడ ప్రతి మెట్టూ చట్టాల పుస్తకంలో తేదీతో సహా ఉంది.

1619లో ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఒక ఓడ పాయింట్ కంఫర్ట్ దగ్గర దించింది. వాళ్లను ఇచ్చి తిండి సరుకులు తీసుకుంది. అప్పటికి పొగాకు తోటల్లో చాకిరీ చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్ పేదలే. ఓడ ఖర్చుకు బదులుగా కొన్నేళ్లు పనిచేస్తామని కాగితం రాసి వచ్చిన ఒప్పంద కూలీలు. 1640లో ముగ్గురు పనివాళ్లు పారిపోయి మేరీల్యాండ్‌లో పట్టుబడ్డారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండ్ వాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే ఆఫ్రికన్. ముగ్గురికీ తలా 30 కొరడా దెబ్బలు వేయమన్నారు. ఆ తర్వాత మొదటి ఇద్దరికీ యజమాని దగ్గర అదనంగా ఒక ఏడాది, కాలనీ కింద ఇంకో మూడేళ్లు. జాన్ పంచ్‌కు మాత్రం బతికినంత కాలం. నేరం ఒకటే, పారిపోయిన దారీ ఒకటే.

అయినా అది ఒక్క తీర్పు. చట్టం ఇంకా గట్టిపడలేదు, బయటపడే దారులు మిగిలే ఉన్నాయి. ఎలిజబెత్ కీ అనే స్త్రీ వాటిని కనిపెట్టింది. తండ్రి ఆంగ్లేయుడు, తల్లి ఆఫ్రికన్. ఇంగ్లండ్ చట్టం ప్రకారం బిడ్డకు తండ్రి హోదా వస్తుంది కాబట్టి, పైగా తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలు కాబట్టి, తనను బానిసగా ఉంచడం చెల్లదని దావా వేసి 1656లో స్వేచ్ఛ గెలుచుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చదవండి. 1662లో, బిడ్డకు తల్లి హోదాయే వస్తుందని చట్టం. 1667లో, బాప్తిస్మం వల్ల బానిస హోదా మారదని చట్టం. ఆమె ఏ రెండు తలుపుల్లోంచి బయటికొచ్చిందో పదకొండేళ్లలో ఆ రెండింటికీ తాళాలు పడ్డాయి. 1662 చట్టానికి ఇంకో ఫలితమూ ఉంది. యజమాని తన బానిస స్త్రీకి కన్న బిడ్డ అతని ఆస్తి పద్దులో చేరుతుంది. అంతవరకూ ఈ సూత్రం పశువుల ఈతకు వర్తించేది. 1669లో ఇంకో మెట్టు: దండిస్తుండగా బానిస చచ్చిపోతే అది హత్య కాదన్నారు. తన ఆస్తిని తానే కావాలని ఎవడూ పాడుచేసుకోడన్నది ఆ చట్టం చెప్పిన కారణం.

1676లో నథానియెల్ బేకన్ నాయకత్వంలో తిరుగుబాటు లేచి రాజధాని జేమ్స్‌టౌన్ తగలబడింది. దీన్ని పేదల ఐక్యతగా కీర్తించడం సరికాదు, ఆ మూక మొదట పడింది స్థానిక ఆదివాసుల మీదే. అయితే తోటల యజమానులను భయపెట్టిన దృశ్యం ఒకటుంది. అందరూ లొంగిపోయాక కూడా ఆయుధాలు దించని చివరి దళంలో 80 మంది నల్లవాళ్లు, 20 మంది ఇంగ్లీషు పనివాళ్లు పక్కపక్కన నిలబడ్డారు.

అంతకుముందు చట్టాల్లో కనబడే మాటలు ‘క్రైస్తవులు’, ‘ఆంగ్లేయులు’. 1691 చట్టంలో ‘ఆంగ్లేయులు గానీ ఇతర తెల్లవారు గానీ’ అన్న మాట వచ్చింది. అలాంటివాళ్లెవరైనా నల్లవాళ్లనో, మిశ్రమ సంతతినో, ఆదివాసులనో పెళ్లాడితే మూడు నెలల్లో కాలనీ నుంచి వెళ్లగొట్టాలి. ఇక 1705 చట్టం మొత్తం నిర్మాణాన్ని పూర్తిచేసింది. గడువు తీరిన ఒప్పంద కూలీకి యజమాని ఇచ్చి పంపాల్సినవి లెక్కకట్టి రాశారు: మగవాడికి 10 బుషెళ్ల మొక్కజొన్న, 30 షిల్లింగులు, కనీసం 20 షిల్లింగుల విలువైన తుపాకీ. ఆడమనిషికి 15 బుషెళ్లు, 40 షిల్లింగులు. తెల్ల క్రైస్తవ పనివాణ్ని న్యాయాధికారి ఉత్తర్వు లేకుండా బట్టలూడదీసి కొట్టకూడదు. అదే చట్టంలో, బానిసల దగ్గరున్న గుర్రాలు, పశువులు, పందులను స్వాధీనం చేసుకుని అమ్మి, వచ్చిన డబ్బు ఆ చర్చి పరిధిలోని పేదలకు పంచాలి. ఈ ఒక్క క్లాజు దగ్గర ఆగి చూడాలి. నల్లవాడి ఆవు తెల్ల పేదవాడి చేతికి డబ్బుగా మారింది. అప్పటిదాకా ఒకే పొగాకు చేలో ఒకే కొరడా కింద పనిచేసిన ఇద్దరి మధ్య గీత గీసి, ఒకడి చేతికి తుపాకీ ఇచ్చి, రెండోవాడి పశువును లాక్కున్నారు. ‘తెల్లవాడు’ అనే హోదాకు తొలి వేతనం అదే.

ఆ గీత నిజంగా ప్రకృతిది అయితే కదలకూడదు కదా. అదే వర్జీనియాలో ముత్తాతల్లో ఎంతమంది నల్లవాళ్లుంటే మనిషి ‘తెల్ల’ కాకుండా పోతాడన్న లెక్క ఇలా నడిచింది: 1705లో ఎనిమిదో వంతు, 1785లో నాలుగో వంతు, 1910లో పదహారో వంతు, 1924లో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. 1785లో చట్టప్రకారం తెల్లవాడైన మనిషికి ఉన్నట్టి వంశమే ఉన్నవాడు 1910లో నల్లవాడయ్యాడు. పైగా 1924 చట్టంలోనే ఆదివాసీ రక్తానికి మినహాయింపు ఉంది, పదహారో వంతు దాకా పర్లేదని. తాము ఆదివాసీ నాయకుడి కూతురు పోకహాంటస్ వంశీకులమని చెప్పుకునే పెద్ద కుటుంబాలు వర్జీనియాలో ఉన్నాయి మరి.

“సైన్సు రుజువు చేసింది”

స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1735లో మనుషులను నాలుగు రకాలుగా రాశాడు. ఆసియావాళ్లకు ఇచ్చిన రంగు ‘ముదురు గోధుమ’. 1758 నాటి పదో కూర్పులో అదే జనం ‘పాలిపోయిన పసుపు’ అయ్యారు. మనుషులు మారలేదు, పట్టిక మారింది. ఆ కూర్పులోనే ప్రతి రకానికీ గుణాలు తగిలించాడు: యూరప్ వాడు కట్టుబాట్లతో నడుస్తాడు, ఆసియా వాడు అభిప్రాయాలతో, ఆఫ్రికా వాడు తోచినట్టు. ఆకుల అంచులు, కేసరాలు లెక్కపెట్టి మొక్కలను వర్గీకరించిన మనిషి, ఇక్కడ దేన్నీ లెక్కపెట్టకుండా తీర్పు రాశాడు.

జర్మనీలో బ్లూమెన్‌బాక్ 1795లో ఐదు రకాలన్నాడు. తన దగ్గరున్న ఒక జార్జియా స్త్రీ పుర్రె అందంగా ఉందని, అక్కడి కాకసస్ కొండల పేరు మీద మొదటి రకానికి ‘కకేషియన్’ అని పేరు పెట్టాడు. ఆయనే ఈ రకాలు ఒకదాన్లోకొకటి తెలియకుండా కలిసిపోతాయని, మధ్యన గీత గీయలేమని రాశాడు. ఆఫ్రికన్లకు తెలివి తక్కువన్న మాటను గట్టిగా ఖండించాడు. లోకం ఆయన హెచ్చరికను వదిలేసి పేరును మాత్రం పట్టుకుంది.

ఇక పుర్రెలు. ఫిలడెల్ఫియా వైద్యుడు శామ్యూల్ మోర్టన్ పుర్రెల్లో మొదట మిరియాల గింజలు, తర్వాత సీసపు గుళ్లు పోసి, వాటిని కొలపాత్రలోకి ఒంపి లోపలి పరిమాణం లెక్కకట్టాడు. 1839లో ఇచ్చిన సగటులు: కకేషియన్ 87 ఘనపు అంగుళాలు, మంగోలియన్ 83, ఆఫ్రికన్ 78. కొలతలు దొంగవా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2011లో ఆ పుర్రెల్ని మళ్లీ కొలిచినవాళ్లు చాలావరకు సరిగ్గానే కొలిచాడన్నారు. సరే, ఒప్పుకుందాం. తప్పు కొలపాత్రలో కాదు, సగటు వేసే తీరులో ఉంది. కకేషియన్ల కింద ఆయన లెక్కేసినవి 52 పుర్రెలు. దగ్గరున్న హిందువుల పుర్రెలు 17, వాటి సగటు 75. ఆ 17లో మూడింటినే ఈ 52లో చేర్చానని, వాళ్ల తలలు మరీ చిన్నవి కాబట్టి అలా చేశానని తనే రాశాడు. మిగతా 14 కూడా కలిపితే ఏమవుతుందో చేతి లెక్కతో తేలుతుంది: 52 సార్లు 87 అంటే 4,524. 14 సార్లు 75 అంటే 1,050. రెండూ కలిపి 66తో భాగిస్తే సుమారు 84.5. మంగోలియన్ సగటుతో నాలుగు అంగుళాలున్న తేడా ఒకటిన్నరకు దిగిపోయింది. అటు అమెరికా మూలవాసుల సగటులో మాత్రం చిన్న తలల పెరూ పుర్రెలను పెద్ద సంఖ్యలో అలాగే ఉంచాడు. తల పరిమాణం ఒంటి పరిమాణంతో, ఆడా మగా తేడాతో, వాతావరణంతో మారుతుందన్న సంగతిని సవరించనూ లేదు. 1836లో జర్మన్ శరీరశాస్త్రవేత్త టీడెమన్ జొన్నల్లాంటి చిరుధాన్యం పోసి కొలిచి, అన్ని గుంపుల కొలతలూ ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయని, తెలివి తేడా చెప్పడానికి ఆధారం లేదని తేల్చాడు. అంకెలు దాదాపు ఒకేలాంటివి, ముగింపు వేరు. బానిస తోటలున్న దేశంలో ఏ ముగింపుకు ఆదరణ దొరికిందో చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఇదే పని బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ ముక్కు మీద చేశాడు. ముక్కు వెడల్పును ఎత్తుతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది నాసికా సూచిక. 70 లోపు సన్న ముక్కు, 85 పైన వెడల్పు ముక్కు, మధ్యది మధ్యరకం. కులం హోదా పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుందన్నది 1891లో ఆయన ప్రకటించిన సూత్రం. ఇందులో ఏం చెడిందో కొలిచి చూస్తే తెలుస్తుంది. 48 మిల్లీమీటర్ల ఎత్తు, 34 వెడల్పు ఉన్న ముక్కుకు సూచిక 70.8, మధ్యరకం. మెత్తని ముక్కు రెక్కల మీద పరికరం కాస్త నొక్కి 33 అని నమోదైతే 68.8, సన్న ముక్కు. ఒక్క మిల్లీమీటరుకు ‘జాతి’ మారిపోయింది. ముక్కు వెడల్పు వేడితో, గాలిలో తేమతో ముడిపడి ఉందని 1923లో థామ్సన్, బక్స్‌టన్ అనే పరిశోధకులు చూపించారు. రిస్లీ బెంగాల్ అంకెలను గణాంకవేత్త మహలనోబిస్ తిరగేసి సవరించాల్సి వచ్చింది. కులానికి జాతి మూలం అంటగట్టడాన్ని అంబేద్కర్ 1936లోనే తిప్పికొట్టారు: పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి, మద్రాసు బ్రాహ్మణుడూ మద్రాసు పరయా ఒకే జాతి అన్నారు. కానీ ఈలోపు రిస్లీ 1901 జనాభా లెక్కలకు అధిపతి అయ్యాడు, కులాలను సామాజిక హోదా వరుసలో పెట్టించాడు. ఆ వరుసలో పై మెట్టు కోసం కుల సంఘాల అర్జీలు వెల్లువెత్తాయి.

భాషా కుటుంబం పేరు ఎత్తుకెళ్లి జాతికి తగిలించడమూ ఇలాంటిదే. ‘ఆర్య’ భాషల మీద జీవితమంతా పనిచేసిన మాక్స్ ముల్లర్ 1888లో, ఆర్య రక్తం, ఆర్య జుట్టు అనేవాడు పొడుగుతల నిఘంటువు, పొట్టితల వ్యాకరణం అనేవాడితో సమానమని విసుక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

సైన్సు అక్కరకు రానప్పుడు దాన్ని ఎలా పక్కన పెట్టారో కూడా చూడాలి. అమెరికాలో విదేశీయుల్లో ‘స్వేచ్ఛగా ఉన్న తెల్లవారు’ మాత్రమే పౌరులు కాగలరని 1790 చట్టం చెప్పింది. 1922 నవంబరులో జపాన్‌లో పుట్టిన ఒజావా దరఖాస్తును సుప్రీంకోర్టు కొట్టేసింది: తెల్ల అంటే రంగు కాదు, కకేషియన్ అని అర్థం, మీరు కకేషియన్ కాదు అని. మూడు నెలలకు, 1923 ఫిబ్రవరిలో, పంజాబుకు చెందిన భగత్ సింగ్ తింద్ వచ్చాడు. నేను మీ శాస్త్రం ప్రకారం కకేషియన్‌నే అన్నాడు. శాస్త్రం సంగతి కాదు, మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడంటాడో అదే లెక్క అని ఆయన్నీ కొట్టేశారు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్.

“డీఎన్‌ఏ మళ్లీ రుజువు చేసింది”

తరచూ ముందుకు తెచ్చే ఆధారం 2002 నాటి ఒక అధ్యయనం. 52 జనసమూహాల నుంచి 1,056 మంది, 377 జన్యు గుర్తులు. కంప్యూటరు వాళ్లను ఐదు ఖండాల గుంపులుగా విడదీసింది అంటారు. ఆ ప్రోగ్రాం పనిచేసే తీరు చెప్పరు. ఎన్ని గుంపులు కావాలో ముందు మనమే అంకె ఇవ్వాలి. రెండంటే రెండు చేస్తుంది, ఐదంటే ఐదు. ఆరని ఇస్తే ఆరో ‘జాతి’గా బయటికొచ్చింది ఉత్తర పాకిస్తాన్ కొండల్లోని కలాష్ అనే చిన్న సమూహం. ఐదు గుంపులప్పుడు యూరప్, పశ్చిమాసియా, దక్షిణాసియా నమూనాలు ఒకే గుంపులో పడ్డాయి. ఈ వాదన పంచేవాళ్లు ఆ మాట దాటేస్తారు. అదే అధ్యయనంలో మొత్తం జన్యు వైవిధ్యంలో 93 నుంచి 95 శాతం ఒకే సమూహంలోని మనుషుల మధ్యే ఉంది. పెద్ద గుంపుల మధ్య తేడా 3 నుంచి 5 శాతం.

పూర్వీకులు ఏ ప్రాంతం వాళ్లో డీఎన్‌ఏ చెప్పగలదు, నిజమే. ప్రాంతం వేరు, రేస్ వేరు. పసిఫిక్ సముద్రంలోని మెలనేసియా దీవులవాళ్ల ఒళ్లు ఆఫ్రికన్లంత నలుపు, జన్యువుల్లో మాత్రం తూర్పు ఆసియా వాళ్లకు దగ్గర. కొడవలి కణ రక్తహీనతను ‘నల్లవాళ్ల జబ్బు’ అన్నారు. అది మలేరియా ఉన్న నేలల జబ్బు. గ్రీస్‌లో ఉంది, సిసిలీలో ఉంది, అరేబియాలో, మధ్య భారత ఆదివాసుల్లో, నీలగిరుల్లో ఉంది. మలేరియా లేని దక్షిణాఫ్రికా కొసన ఉన్న ఖోసా ప్రజల్లో దాదాపు లేదు.

“వలస పాలనకు దీనికీ సంబంధం లేదు”

ఓడలు, తుపాకులు, డబ్బు గెలిపించాయి. అది ఒప్పుకోవాల్సిందే. గెలిచినదాన్ని చవగ్గా నిలబెట్టుకోవడం మరో పని. కోట్ల మందిని వెయ్యి మంది అధికారులతో ఏలాలంటే, ఎవరికి ఏ చట్టం, ఏ కూలి, ఎంత భూమి అన్నది ఒక్క చూపుతో తేలిపోవాలి. రేస్ ఆ పని చేసింది.

దక్షిణాఫ్రికాలో గొలుసు ఇలా బిగిసింది. 1894 నాటి గ్లెన్ గ్రే చట్టం, బయటికెళ్లి కూలి చేయని ఆఫ్రికన్ మగవాడి మీద ఏడాదికి 10 షిల్లింగుల పన్ను వేసింది. పన్ను నగదుగానే కట్టాలి, నగదు గనుల్లో, తెల్లవాళ్ల పొలాల్లో దొరుకుతుంది. 1911లో గనుల చట్టం నైపుణ్యమున్న పనులను తెల్లవాళ్లకు కేటాయించే దారి తెరిచింది. 1913లో భూమి చట్టం, జనాభాలో మూడింట రెండొంతులున్న ఆఫ్రికన్లకు సుమారు 7 శాతం నేల వదిలి, బయట కొనడాన్ని నిషేధించింది. భూమి లేదు, పన్ను ఉంది, మంచి పని లేదు. ఇక మిగిలింది గని అడుగున చవక కూలి. పనామా కాలువ తవ్వకంలో అమెరికన్లు జీతాల పట్టీలనే ‘బంగారు’, ‘వెండి’ అని విడదీశారు. తెల్ల అమెరికన్లకు బంగారు పట్టీ, కరేబియన్ దీవుల నల్ల కూలీలకు వెండి పట్టీ. పోస్టాఫీసు కిటికీలు కూడా వేరు.

భారతదేశంలో 1883లో ఇల్బర్ట్ బిల్లు వచ్చింది. భారతీయ జడ్జీలు యూరోపియన్ నిందితులను విచారించవచ్చన్నది అందులోని మాట. ఇక్కడి తెల్లవాళ్లు భగ్గుమన్నారు. చివరికి నిందితుడు కోరితే సగమైనా తెల్లవాళ్లున్న జ్యూరీ ఉండాలన్న షరతుతో 1884లో గట్టెక్కింది. సైన్యంలో ‘యుద్ధ జాతులు’ అన్న సిద్ధాంతానిదీ ఇదే దారి. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీని దక్షిణాదిలో నిలబెట్టింది మద్రాసు సిపాయిలు. 1857లో తిరగబడింది బెంగాల్ సైన్యం, అణచడానికి తోడొచ్చింది పంజాబ్, నేపాల్ దళాలు. ఆ తర్వాతే పంజాబీలు, గూర్ఖాలు పుట్టు యోధులయ్యారు, దక్షిణాదివాళ్లు మెత్తబడ్డ జాతి అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి పనికిరావన్న వర్గాల్లోంచి కూడా చేర్చుకున్నారు.

జర్మన్ నైరుతి ఆఫ్రికాలో, అంటే నేటి నమీబియాలో, హెరెరో, నామా ప్రజలను 1904 నుంచి 1908 వరకు ఊచకోత కోశారు, శిబిరాల్లో చంపారు. చచ్చినవాళ్ల పుర్రెలు కొలతల కోసం బెర్లిన్ చేరాయి. 1908లో జర్మన్ మానవశాస్త్రవేత్త యూజెన్ ఫిషర్ అక్కడి రెహోబోత్ అనే చోటి మిశ్రమ సంతతిని కొలిచి, మిశ్రమ వివాహాలు హానికరమని 1913లో పుస్తకం రాశాడు. 1927లో బెర్లిన్‌లో జాతి పరిశోధనా సంస్థకు అధిపతి అయ్యాడు. కాలనీలో నేర్చుకున్నది యూరప్‌లో ఎవరి మీద ప్రయోగించారో తెలిసిందే. కొన్ని పుర్రెలు 2011లో నమీబియాకు తిరిగొచ్చాయి.

1919లో నానాజాతి సమితి నిబంధనల్లో జాతుల సమానత్వపు మాట చేర్చమని జపాన్ అడిగింది. 17 ఓట్లలో 11 అనుకూలం. ఏకగ్రీవం కాదు కాబట్టి చెల్లదని ఆ సమావేశంలో అధ్యక్ష స్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు విల్సన్ తోసిపుచ్చాడు.

“అమ్మింది ఆఫ్రికన్లే”

తీరంలో బందీలను అమ్మిన రాజులు, వ్యాపారులు ఉన్నారు. వాళ్ల నేరం తక్కువది కాదు. అయితే వాళ్లు ‘తోటి ఆఫ్రికన్‌’ను అమ్మామనుకోలేదు, శత్రు రాజ్యం మనిషిని అమ్మారు. అప్పటికి అక్కడ ఎవరూ తమను ఆఫ్రికన్ అనుకోలేదు. వద్దన్నవాళ్లూ ఉన్నారు: తన జనాన్ని ఎత్తుకుపోతున్నారని కాంగో రాజు అఫోన్సో 1526లో పోర్చుగల్ రాజుకు లేఖలు రాశాడు. ఓడలెక్కించిన సుమారు 1.25 కోట్ల మందిలో 1.07 కోట్ల మందే ప్రాణాలతో దిగారు. దిగాక వాళ్ల మనవళ్లు కూడా పుట్టుకతో బానిసలే అని రాసిన 1662 చట్టం మాత్రం ఏ ఆఫ్రికా రాజుదీ కాదు.

“రువాండాది పాత తెగల పగ”

రువాండాలోని రెండు పెద్ద వర్గాలు హుటూ, టుట్సీ. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే మతం, ఒకే కొండల మీద కాపురం. తేడాలు, దోపిడీ పాతవే, పందొమ్మిదో శతాబ్దం చివర్లో ర్వాబుగిరి రాజు కాలంలో వెట్టిచాకిరీతో ముదిరాయి కూడా. కానీ ఆ గీత దాటడానికి వీలుండేది. మందలు సంపాదించిన హుటూ కుటుంబం హోదా మారడానికి క్విహుటురా అని వాళ్ల భాషలోనే మాట ఉంది. 1863లో స్పీక్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఈ ప్రాంతపు పాలకులు ఉత్తరాన్నుంచి వచ్చిన మేలైన వేరే జాతి అని ఊహించి రాశాడు. ఆ ఊహను బెల్జియం పాలకులు పరిపాలనగా మార్చారు. హుటూ నాయకులను తీసేసి టుట్సీలను పెట్టారు. 1933-34లో జనాభా లెక్క తీసి ప్రతివాడి గుర్తింపు కార్డు మీద హుటూ, టుట్సీ, ట్వా అని రాశారు. తండ్రిది ఏదో బిడ్డదీ అదే, ఇక మారదు. స్వాతంత్ర్యం వచ్చాకా కార్డులు కొనసాగాయి. 1994లో టుట్సీలను ఊచకోత కోసినప్పుడు రోడ్ల మీద అడ్డుకట్టల దగ్గర ఆపి అడిగింది ఆ కార్డునే.

“అదంతా ముగిసిపోయింది”

1851లో లూసియానా వైద్యుడు కార్ట్‌రైట్, పారిపోవాలనుకోవడం బానిసలకు వచ్చే జబ్బని పేరు పెట్టి, కొరడాను నివారణగా రాశాడు. ఆయనే నల్లవాళ్ల ఊపిరితిత్తుల్లో గాలి తక్కువ పడుతుందని, చాకిరీ వాళ్ల ఒంటికి మేలని రాశాడు. మొదటిది నవ్వులపాలైంది. రెండోది యంత్రంలోకి ఎక్కింది. ఊపిరి పరీక్షలో నల్లవాళ్ల ‘మామూలు’ అంకెను తగ్గించి చూసే లెక్కను అమెరికా ఊపిరితిత్తుల వైద్యుల సంఘం 2023లో గానీ వద్దనలేదు. మామూలును కిందికి దించితే, జబ్బుపడ్డ ఊపిరితిత్తి కూడా బాగానే ఉన్నట్టు కాగితం మీద కనబడుతుంది.

మూత్రపిండాల లెక్కా అంతే. మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో అంచనా వేసే 2009 నాటి సూత్రంలో రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థం, వయసు, లింగం వేసి, రోగి నల్లవాడైతే వచ్చిన ఫలితాన్ని 1.159తో గుణించమన్నారు. వాళ్లకు కండ ఎక్కువన్నది చెప్పిన కారణం. అంకె తగ్గేకొద్దీ జబ్బు ముదిరినట్టు. కిడ్నీ మార్పిడి వరుసలో కాలం లెక్క మొదలవడానికి ఆ అంకె 20 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అంకె 18 ఉన్న తెల్ల రోగి వరుసలో ఉండేవాడు. అదే 18 ఉన్న నల్ల రోగికి గుణిస్తే 20.9, ఇంకా రాలేదని ఇంటికి పంపేసేవాళ్లు. ఒక గడిలో టిక్కు తప్ప ఇద్దరి రక్తంలోనూ తేడా లేదు. 2021లో కొత్త సూత్రం వచ్చింది. 2023 జనవరి నుంచి పాత రోగుల కాలాన్ని వెనక్కి లెక్కించి సరిదిద్దమని ఆసుపత్రులను ఆదేశించారు. ఏడాది తిరిగేసరికి 14,000 మందికి పైగా నల్లజాతి రోగులకు, సగటున సుమారు రెండేళ్ల నిరీక్షణ తిరిగి జమపడింది.